కీమో తర్వాత బుర్ర పనిచెయ్యట్లేదన్న లెక్కల టీచరు గారికి

మీరు రాసిందాన్ని బట్టి నాకర్థమైంది ఇదీ. రొమ్ము క్యాన్సర్‌కి కీమో అయి ఆరు నెలలు దాటింది, జబ్బు తిరగబెట్టకుండా ఇచ్చే లెట్రోజోల్ మాత్ర వాడుతున్నారు, విజయవాడలో హైస్కూలు పిల్లలకి లెక్కలు చెబుతారు. పిల్లల పేర్లు నాలిక చివరిదాకా వచ్చి ఆగిపోతున్నాయి. బోర్డు మీద లెక్క సగంలో ఉండగా తర్వాతి మెట్టు తోచట్లేదు. పొయ్యి మీద పాలు మాడిపోతున్నాయి. ఇంట్లోవాళ్ళేమో వయసు మీదపడిందంటున్నారు. ఇది తగ్గుతుందా, ఉద్యోగం మానెయ్యాలా అని అడిగారు.

చాలామందికి నెలలు గడిచేకొద్దీ తగ్గుతుందండీ. కొందరికి ఏళ్ళ తరబడి కొంత మిగులుతుంది. నాకు చాలావరకు పోయింది, కొంచెం ఉంది. ఉద్యోగం సంగతి చివర్లో చెబుతాను.

నాదీ రొమ్ము క్యాన్సరే. ఆపరేషను, ఎర్ర మందు, పాక్లిటాక్సెల్ అనే కీమో మందులు, ఆపైన కరెంటు పెట్టడం (రేడియేషన్), ఇప్పుడు రోజూ మాత్ర. గుంటూరు మిర్చి యార్డులో ఒక కమీషన్ కొట్టులో లెక్కలు రాస్తాను. సీజన్లో మా కొట్టు మీకు తెలియంది కాదు: ఒకపక్క ఫోన్లు, ఇంకోపక్క పట్టీ (సరుకు అమ్మిన లెక్క కాయితం) కోసం నిలబడ్డ రైతులు, మధ్యలో హమాలీల కేకలు, ఆ ఘాటుకి తుమ్ములు. కాటా చీటీలో టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్నో, తూకమెంతో, క్వింటా ధరెంతో చూసి కంప్యూటర్లో ఎక్కించాలి. తిరిగి పనిలో చేరాక, చీటీ మీంచి తెర మీదకి చూపు తిప్పేలోపే అంకె పోయేది. మళ్ళీ చూడ్డం, మళ్ళీ పోవడం. సాయంత్రానికి ఏడుపొచ్చేది.

కానీ ఒక విచిత్రం గమనించాను. ఏ ఊరి రైతుకి ఎప్పుడో ఇచ్చిన అడ్వాన్సు ఎంతో, ఎవరి మిర్చి తేజ రకమో, ఎవరిది 334 రకమో, అవన్నీ అడిగితే టకటకా చెబుతున్నాను. పాతదేదీ పోలేదు. పొద్దున్నే జనం రాకముందు కూర్చుంటే అవే చీటీలు ఇబ్బంది లేకుండా ఎక్కుతున్నాయి. పోతున్నదల్లా గోలలో, రెండు పనుల మధ్య చూసిందే. అంటే నేను మర్చిపోవట్లేదు, అసలు బుర్రలోకి ఎక్కట్లేదు. ఎక్కనిది గుర్తెలా ఉంటుంది? మీరు కూడా ఒక వారం చూసుకోండి. పాఠం మర్చిపోతున్నారా, లేక వెనక బెంచీలో ఎవడో మాట్లాడినప్పుడు మెట్టు జారుతోందా? నా అనుమానం రెండోదే. అదైతే జ్ఞాపకశక్తి పెంచుతామనే పొడులు, లేహ్యాలు, ఫోన్లో ఆడే ఆటల జోలికి పోనక్కర్లేదు. ఆ ఆటలు ఆడితే ఆ ఆట బాగా వస్తుంది, అంతే. బాదంపప్పులు తినండి, తప్పులేదు, కానీ వాటి మీద ఆశ పెట్టుకోవద్దు. సరస్వతి ఆకు మాత్రలు, పసుపు క్యాప్సూల్సు లాంటివి క్యాన్సర్ డాక్టరుకి చెప్పకుండా మాత్రం వాడొద్దు.

ఇది మీ ఊహ కాదు. డాక్టర్లు కూడా దీన్ని కీమో బ్రెయిన్ అనే పిలుస్తారు, అయితే కీమో ఒక్కటే కారణం కాదు. కొందరిలో కీమో మొదలవకముందే తేడా కనిపించింది. 2017లో అచ్చయిన ఒక అమెరికా అధ్యయనంలో రొమ్ము క్యాన్సర్ ఉన్న 581 మంది ఆడవాళ్ళని, ఆ జబ్బు లేని 364 మందిని పోల్చి చూశారు. కీమో అయిన ఆరు నెలలకి కూడా, మొదటికన్నా బుర్ర మందగించిందని చెప్పినవాళ్ళు వందకి 36 మంది పైనే. జబ్బు లేనివాళ్ళలో ఆ మాట అన్నవాళ్ళు వందకి 14 మంది లోపు. మా డాక్టరొకాయన ముప్పై మార్కుల జ్ఞాపకశక్తి పరీక్ష పెట్టి, మార్కులు బాగానే వచ్చాయి కదమ్మా, ఏమీ లేదు పొమ్మన్నాడు. ఆ పరీక్ష పెద్దవయసు మతిమరుపుని పసిగట్టడానికి చేసింది. మనలాంటివాళ్ళు నిశ్శబ్దంగా ఉన్న గదిలో అందులో సులువుగా గట్టెక్కుతారు. మార్కులు బాగున్నంత మాత్రాన మీ ఇబ్బంది లేనట్టు కాదు.

ముందు వైద్యంతో సరిచెయ్యగలిగినవి చూపించుకోండి. రక్తహీనత, థైరాయిడ్, బి12, విటమిన్ డి, షుగరు. శాకాహారులైతే, లేదా షుగరుకి మెట్‌ఫార్మిన్ ఏళ్ళుగా వాడుతుంటే బి12 తప్పకుండా చూడమనండి, ఆ మాత్ర బి12ని తగ్గిస్తుంది. తర్వాత మీ మందుల సంచీ మొత్తం డాక్టరు ముందు పెట్టండి. పాదాల తిమ్మిర్లకిచ్చే ప్రెగాబాలిన్, ఎమిట్రిప్టిలిన్, నిద్రకని అలవాటైన ఆల్ప్రజోలామ్, జలుబు మాత్రలు ఇవన్నీ మగతగా ఉంచుతాయి. ఆల్ప్రజోలామ్‌ని సొంతంగా ఒక్కసారి ఆపెయ్యకూడదు, డాక్టరు చెప్పినట్టు మెల్లగా తగ్గించాలి. లెట్రోజోల్ అసలు ఆపొద్దు, అది జబ్బు తిరగబెట్టకుండా కాపాడే మాత్ర. దానివల్ల రాత్రిళ్ళు ఒంట్లోంచి ఆవిర్లొచ్చి, కీళ్ళు నొప్పెట్టి నిద్ర చెడుతోందేమో చెప్పండి. ఆవిర్లకి హార్మోన్లు కాని మందులున్నాయి. నాకు రాత్రి నిద్ర కుదుటపడ్డాకే పగలు కాస్త తెరిపిచ్చింది.

దిగులు కూడా అచ్చం ఇలాగే పరధ్యానం తెస్తుంది. ఏదీ చెయ్యబుద్ధి కాకపోవడం, ఊరికే కన్నీళ్ళు రావడం ఉంటే దాచుకోకండి. టెలీమానస్ అని ప్రభుత్వం వాళ్ళ నంబరు 14416 ఉంది, డబ్బులు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడొచ్చు.

ఇక రోజువారీ సంగతి. నాకు అన్నిటికన్నా పనిచేసింది మా షావుకారుతో నోరు తెరిచి చెప్పడం. "బాబాయ్ గారూ, పట్టీ రాసేటప్పుడు నన్ను పలకరించొద్దు, ఫోను ఇంకెవరైనా ఎత్తాలి. అలా అయితే పాతలాగే చేస్తాను" అన్నాను. మానేస్తానంటుందని భయపడ్డాడేమో, "ఓస్, ఇంతేనా అమ్మా" అని ఫోన్లకి కుర్రాణ్ణి పెట్టాడు. అంకెలు పైకి చదువుతూ ఎక్కించడం మొదలుపెట్టాను. మొదట్లో అందరూ నవ్వారు, ఇప్పుడు ఎవరూ పట్టించుకోరు. కష్టమైన లెక్కలన్నీ పొద్దుటి పూటకి మార్చుకున్నాను. మీరు కూడా హెచ్చెమ్ గారిని అడిగి పదో తరగతి పీరియడ్లు పొద్దున వేయించుకోండి. పిల్లలు కూర్చునే వరసల ప్రకారం పేర్లు రాసి టేబుల్ మీద పెట్టుకోండి. లెక్కని మెట్లతో సహా చేతిలో కాయితం మీద ఉంచుకుంటే సిగ్గేముంది? పేపర్లన్నీ ఒకేసారి కూర్చుని దిద్దొద్దు.

ఇంట్లో పాలకి ఈలవేసే పాల కుక్కర్ కొనండి, మా ఇంట్లో ఆ గొడవ దాంతో తీరిపోయింది. మాత్రలకి వారాల గళ్ళ డబ్బా. రాసుకునే పుస్తకం ఒక్కటే ఉండాలి, నాలుగు చోట్ల చీటీలు పెడితే ఆ చీటీలు వెతకడం ఇంకో పని. ఫోన్లో ఎవరితోనైనా మాట్లాడుతూ డబ్బులు పంపడం, ఓటీపీ చెప్పడం పూర్తిగా మానెయ్యండి. మనలాంటివాళ్ళనే మోసగాళ్ళు పట్టుకుంటారు.

నడక మందులా పనిచేస్తుందని నేను చెప్పను గానీ, బడలిక తగ్గించడానికి దానికి మించింది నాకు దొరకలేదు. నేను బృందావన్ గార్డెన్స్‌లో ఎన్టీఆర్ స్టేడియానికి వెళ్తాను, ఎండాకాలమైతే తెల్లారకముందే. మీకు కృష్ణ ఒడ్డుంది.

ఇంట్లోవాళ్ళకి ఒక్కమాట చెప్పండి: గుర్తుచేస్తే చాలు, "మొన్నే చెప్పాను కదా" అనొద్దని. మావారికి ఇది చెప్పడం షావుకారుకి చెప్పడం కన్నా కష్టమైంది.

ఒక జాగ్రత్త. పైన చెప్పినదంతా మెల్లగా వచ్చి, మెల్లగా తగ్గే పరధ్యానం గురించి. రోజురోజుకీ ముదురుతున్నా, పొద్దున లేవగానే తలనొప్పి, వాంతులున్నా, మాట ముద్దగా వస్తున్నా, ఒకపక్క చెయ్యో కాలో పట్టు తప్పినా, ఫిట్స్ వచ్చినా, తెలిసిన దారి తెలియకుండా పోయినా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి, స్కానింగు అవసరం పడొచ్చు.

ఉద్యోగం సంగతి. ఇప్పుడే రాజీనామా రాయొద్దండీ. రక్తపరీక్షలు, నిద్ర, మందులు సర్దుకోవడానికే కొన్ని నెలలు పడుతుంది, ఆలోపు తీసుకున్న నిర్ణయం అలసట తీసుకున్న నిర్ణయమే. ఈ ఏడాదికి క్లాసు టీచరు బాధ్యత, పరీక్షల పనీ తగ్గించమని అడగండి. వేసవి సెలవులు గడిచాక, జూన్‌లో బడి తెరిచాక ఒక నెల పాఠాలు చెప్పి చూసి, అప్పటికీ కుదరట్లేదనిపిస్తే మానడమో, సగం పీరియడ్లకి మారడమో ఆలోచించుకోవచ్చు. బి12 రిపోర్టు వచ్చాక ఇక్కడే రాయండి, చూస్తాను.