వారంలో మెరిపించిన క్రీమే మీ ముఖాన్ని పాడు చేసింది

ప్రశ్న: నాకు 21 ఏళ్లు. ఇంటర్ నుంచీ బుగ్గల మీద మొటిమలున్నాయి. నాలుగు నెలల కిందట మెడికల్ షాపులో అడిగితే ఒక క్రీము ఇచ్చారు. రాసిన వారానికే ముఖం తేటబడింది. ఇప్పుడు రెండు రోజులు మానేస్తే చాలు, ఎర్రబడి మంట పుడుతోంది. గడ్డం నిండా ఒకే సైజు పొక్కులు వస్తున్నాయి. అమ్మేమో వేడి చేసిందంటోంది. రెండు నెలల్లో అక్క పెళ్లి. ఏం చేయాలి? ట్యూబు ఫొటో పంపుతున్నాను.
– ఒక పాఠకురాలు, ఖమ్మం

సలహా: ఫొటో చూశాను. ట్యూబు మీద సన్నటి అక్షరాల్లో మొమెటసోన్, హైడ్రోక్వినోన్, ట్రెటినాయిన్ అని ఉంది. వీటిలో మొదటిది స్టిరాయిడ్. మొటిమలకు వాడాల్సిన మందు కాదది. ఇలాంటి స్టిరాయిడ్ క్రీములను చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లోనే షెడ్యూల్ హెచ్‌లో, అంటే డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాలో, చేర్చింది. అయినా హ్యాండ్‌బ్యాగులోంచి ఇదే ట్యూబు తీసి నా బల్ల మీద పెట్టేవాళ్లు తగ్గలేదు.

అసలు మొటిమ ఎలా వస్తుందో తెలిస్తే ఈ క్రీము చేసిన మోసం అర్థమవుతుంది. ప్రతి వెంట్రుక కుదురును ఆనుకొని ఒక నూనె గ్రంథి ఉంటుంది. యుక్తవయసులో ఆండ్రోజెన్ అనే పురుష హార్మోన్ల వల్ల అందులో నూనె ఎక్కువగా ఊరుతుంది. ఈ హార్మోన్లు ఆడపిల్లల్లోనూ ఉంటాయి. రాలిపోవాల్సిన మృతకణాలు ఆ నూనెతో కలిసి రంధ్రానికి బిరడాలా అడ్డుపడతాయి. బిరడా పైకి కనిపిస్తే బ్లాక్‌హెడ్. ఆ నలుపు మురికి కాదు, గాలి తగిలి రంగు మారిన మెలనిన్, కొవ్వు. అందుకే ఎంత తోమినా పోదు. మూసుకుపోయిన రంధ్రంలో క్యూటిబ్యాక్టీరియం యాక్నిస్ అనే సూక్ష్మజీవి పెరిగి, వాపు మొదలై, చీము పడుతుంది. ఈరోజు మీరు అద్దంలో చూసిన మొటిమకు బిరడా పడింది కొన్ని వారాల కిందట!

స్టిరాయిడ్ పైకి కనిపించే ఆ వాపును, ఎరుపును అణిచేస్తుంది. బిరడా మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. నెలల తరబడి రాస్తే చర్మం పలచబడుతుంది, సన్నటి రక్తనాళాలు తేలతాయి, బుగ్గల మీద నూగు పెరుగుతుంది. మీరు చెప్పిన ఒకే సైజు పొక్కులు దాదాపుగా స్టిరాయిడ్ మొటిమలే. మానగానే మంట పుడుతోందని మళ్లీ అదే రాస్తే ఇక బయటపడలేరు.

ఈ వారంలోనే చర్మవ్యాధుల నిపుణులను కలవండి. క్రీము ఒక్కసారిగా ఆపాలా, మెల్లగా తగ్గించాలా అన్నది మీ చర్మాన్ని చూసి వాళ్లే చెప్పాలి. ఆపిన కొన్నాళ్లు ముఖం ఇంకా ఎర్రబడుతుంది. భయపడకండి. అప్పటివరకు ఘాటులేని ఫేస్‌వాష్, మాయిశ్చరైజర్, సన్‌స్క్రీన్ చాలు. నిమ్మరసం, టూత్‌పేస్టు వద్దు.

చర్మం కుదుటపడ్డాక అసలు చికిత్స. సాధారణంగా రాత్రిపూట బిరడాలు పడకుండా చూసే అడాపలీన్ జెల్, దానికి తోడు సూక్ష్మజీవిని చంపే బెంజాయిల్ పెరాక్సైడ్ ఇస్తాం. ముఖమంతటికీ శనగగింజంత చాలు. మొటిమ మీద చుక్క పెట్టడం కాదు, మొటిమలు వచ్చే చోటంతా పలచగా రాయాలి, బిరడాలు కంటికి కనిపించవు కాబట్టి. మొదటి రెండు మూడు వారాలు పొట్టు రేగి ‘మందు పడలేదు’ అనిపిస్తుంది. చాలామంది అక్కడే ఆపేస్తారు. ఫలితం కనిపించడానికి ఎనిమిది నుంచి పన్నెండు వారాలు పడుతుంది. అన్నట్టు, బెంజాయిల్ పెరాక్సైడ్ తగిలితే దిండు గలీబులు, తువ్వాళ్లు రంగు వెలిసిపోతాయి. తెల్లవి వాడండి. చీము గడ్డలు ఎక్కువైతే కొన్నాళ్లు డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్, గుంటలు పడే మొండి మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు ఉన్నాయి. ఐసోట్రెటినాయిన్ వాడేటప్పుడు, ఆపాక నెల వరకు గర్భం రాకూడదు, బిడ్డకు తీవ్రమైన లోపాలు వస్తాయి. డాక్టర్ పర్యవేక్షణ లేకుండా ముట్టుకోవద్దు.

నెలసరి తప్పుతోందా, గడ్డం మీద ముదురు వెంట్రుకలు వస్తున్నాయా? మీరు రాయలేదు. ఉంటే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో అండాశయాల పనితీరు దెబ్బతినే సమస్య) పరీక్షలు అవసరం.

ఇక అమ్మగారి ‘వేడి’ సంగతి. మామిడిపండు మానక్కర్లేదు. స్వీట్లు, కూల్‌డ్రింకుల్లా చక్కెరను గబుక్కున పెంచేవి, కొందరిలో పాలు, మొటిమలను పెంచవచ్చు. తలకు నూనె దట్టంగా పట్టించి పడుకుంటే నుదుటి అంచున సన్నటి పొక్కులు వస్తాయి. అది తగ్గించండి.

పెళ్లినాటికి ఎరుపు చాలావరకు తగ్గవచ్చు, నల్ల మచ్చలు మాత్రం పూర్తిగా పోవు. మన చర్మఛాయకు వాటికి నెలలు పడుతుంది. ఫేషియల్, బ్లీచ్ జోలికి వెళ్లకండి. ముహూర్తం ఎంత రాత్రయినా మేకప్ కడుక్కునే పడుకోండి. అక్కతో పాటు మీకూ నలుగు పెట్టబోతే, ముఖానికి మాత్రం వద్దని మీ పెద్దమ్మలకు, అత్తలకు ముందే చెప్పి ఉంచండి.