రీజనరేటివ్ మెడిసినా, క్యాన్సర్ బయాలజీయా?

ప్రశ్న: మా అమ్మాయి బయోటెక్నాలజీ డిగ్రీ చివరి ఏడాదిలో ఉంది. భవిష్యత్తంతా దెబ్బతిన్న అవయవాలను మళ్లీ పెంచే రీజనరేటివ్ మెడిసిన్‌దేనని అందరూ అంటున్నారు. తనేమో క్యాన్సర్ జన్యువుల మీదే పనిచేస్తానంటోంది. ఏది మంచిది? - ఓ తండ్రి

జవాబు: ఏది మంచిదని అడిగే తల్లిదండ్రుల మనసులో ఉండేది వేరే ప్రశ్న: పిల్ల స్థిరపడుతుందా, లేదా? దానికీ వస్తాను. ముందు ఒక మాట. మీరు రెండు దారులనుకుంటున్నవి జన్యువుల దగ్గరికి వెళ్లేసరికి ఒకటే.

ఎలుక కాలేయంలో మూడింట రెండు వంతులు కోసి తీసేసినా, వారం పది రోజుల్లో దాదాపు పాత బరువుకు వచ్చేస్తుంది. పెరగడం కంటే, అంతవరకే పెరిగి ఆగిపోవడం వింత. అలా పగ్గం వేసేవాటిలో 'హిప్పో' జన్యువుల వ్యవస్థ ఒకటి. అది ముందు బయటపడింది పండు ఈగల్లో. అది అదుపులో పెట్టే 'యాప్' ప్రోటీన్‌ను ఎలుక కాలేయంలో ఎడతెగకుండా పనిచేయిస్తే, కాలేయం దాదాపు నాలుగు రెట్లయింది, ఆపై కణితులు వచ్చాయి. 2006లో జపాన్ శాస్త్రవేత్త యమనాకా ఎలుక కణాలను మూలకణాల్లాంటివిగా, అంటే ఏ కణంగానైనా మారగలిగేవిగా మార్చడానికి వాడిన నాలుగు జన్యువుల్లో సి-మిక్ ఒకటి. అది పేరుమోసిన క్యాన్సర్ జన్యువు. ఆ కణాల నుంచి పుట్టిన ఎలుకల్లో కొన్నింటికి కణితులు వచ్చాయి కూడా. మీ అమ్మాయి పనిచేస్తానంటున్నది ఈ పగ్గం మీదే.

ఇక ఫ్యాషన్ సంగతి. స్టెమ్ సెల్ (మూలకణం) అని పేరు తగిలించిన కోర్సులంటే నాకు అనుమానమే. బ్రోషర్ మీద మెరిసే గుండె బొమ్మ ఉంటుంది, లోపల కణాలు పెంచే ల్యాబ్ ఉండదు. రక్త వ్యాధులకు మజ్జ మార్పిడి ఎప్పటినుంచో ఉంది కానీ, మిగతా వాగ్దానాల్లో చాలావరకు ఇంకా ప్రయోగ దశలోనే ఉన్నాయి. అయినా ఆ 'అందరూ' ఎవరండీ? రాత్రి బాగున్న కల్చర్, అంటే ల్యాబ్‌లో పెంచుతున్న కణాలు, తెల్లారేసరికి సూక్ష్మజీవులు పట్టి మడ్డిగా మారితే, మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టేది మీరా, వాళ్లా? మీ అమ్మాయే కదా!

టెన్షన్ పడకండి. కణాలు పెంచడం, జన్యువులను మార్చడం, సీక్వెన్సింగ్ డేటా (డీఎన్ఏ అక్షరాల వరుస) చదవడం వస్తే అటూ పనికొస్తుంది, ఇటూ పనికొస్తుంది. మందుల కంపెనీలకూ, డయాగ్నస్టిక్ ల్యాబ్‌లకూ ఇలాంటివాళ్లు కావాలి. పీహెచ్‌డీ దాకా వెళ్తే సంపాదన ఆలస్యమవుతుంది, అది మాత్రం నిజం.

ఈ ఆదివారం ఆమెను కూర్చోబెట్టి, క్యాన్సర్‌కు పగ్గం వేసే పీ53 జన్యువు అంటే ఏమిటని అడగండి. చెబుతుంటే మధ్యలో జీతమెంతొస్తుందని మాత్రం అడక్కండి.