డాక్టర్ సలహా: రోజంతా టీవీ ముందే అమ్మ.. మళ్లీ హుషారు వచ్చేదెలా?

ప్రశ్న: మా అమ్మ వయసు 71. నాన్న పోయాక, రెండేళ్ల క్రితం తెనాలి దగ్గర పల్లె నుంచి హైదరాబాద్‌లోని మా ఫ్లాట్‌కి తీసుకొచ్చాం. ఊళ్లో పాడి, పొలం, కూలీల లెక్కలు అన్నీ తనే చూసుకునేది. ఇక్కడ పొద్దున లేచింది మొదలు టీవీ ముందే. అడిగిందే మళ్లీ అడుగుతోంది, పేర్ల కోసం తడుముకుంటోంది. మెదడుకు మంచిదని ఫోన్‌లో గేమ్స్ యాప్ వేసిచ్చాను, ముట్టుకోవడం లేదు. పదేళ్లుగా షుగర్ మాత్రలు వాడుతోంది. ఇది మతిమరుపు జబ్బుకు మొదలా? తనకు ఎలాంటి వ్యాపకాలు పెట్టాలి?
- ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: మీరు రాసిన వాటిలో 'అన్నీ తనే చూసుకునేది' అన్న మాట దగ్గరే నా మనసు ఉండిపోయిందమ్మా. భర్త, ఊరు, గేదెలు, లెక్కలు, అరుగు మీద కబుర్లు.. అన్నీ ఆమెకు ఒక్కసారే దూరమయ్యాయి. ఇక్కడికొచ్చాక మీరు ప్రేమకొద్దీ 'నువ్వు కూర్చో అమ్మా, నేను చేస్తాగా' అంటూ ఉండి ఉంటారు. నా దగ్గరికి వచ్చే పిల్లల్లో చాలామంది అనే మాటే ఇది. ముందు ఆ మాట మానేయండి.

పోయిన వేసవిలో ఓ పెద్దావిడను కూతురు నా ఓపీకి తీసుకొచ్చింది. నేనేం అడిగినా కూతురే జవాబు చెబుతోంది. 'ఇవాళ ఏం వారం?' అని అడిగితే ఆవిడ తల దించుకుంది. కాసేపాగి, 'అమ్మా, ఇంట్లో ఆవకాయ పెట్టాలి, కాస్త కొలతలు చెబుతారా?' అన్నాను. వెంటనే తలెత్తి, 'ముక్కలు ఎన్ని గిన్నెలొచ్చాయి? తడి లేకుండా తుడిచారా?' అని నన్నే నిలదీసింది. కారం, ఆవపిండి, ఉప్పు వేళ్లు మడుస్తూ గిన్నెల లెక్కన చెప్పింది. 'మూడోరోజు తిరగగలిపాక ఉప్పు చూడాలి. ముందే ఎక్కువేస్తే తీయలేం' అని హెచ్చరించింది కూడా. పాత పనులు గుర్తున్నంత మాత్రాన జబ్బు లేదని చెప్పలేం, అందుకే ఆవిడకూ పరీక్షలన్నీ చేయించాం. కానీ ఆ ఇంట్లో ఆవిడకు సోమవారమైనా శుక్రవారమైనా ఒకటేనని నాకు ఆరోజు అర్థమైంది.

అందుకే మీ అమ్మగారికి వ్యాపకం కంటే ముందు బాధ్యత అప్పగించండి. పాలవాడి లెక్క, నెల సరుకుల చీటీ, రైతుబజారులో బేరం, ఏ పూట ఏ కూర అన్న నిర్ణయం ఆమెకే వదిలేయండి. రోజూ ఏదో ఒకటి గుర్తుపెట్టుకోవాలి, లెక్క చూడాలి, ఎవరితోనో మాట్లాడాలి. మెదడుకు అసలైన కసరత్తు అక్కడే ఉంది. లెక్కలో యాభై రూపాయలు తేడా వచ్చిందని మళ్లీ మీ చేతుల్లోకి తీసుకోకండి.

వచ్చిన పనులతో పాటు కొంచెం కష్టమనిపించే కొత్తది కూడా ఒకటి ఉండాలి. ఊళ్లో ఉన్న చెల్లెలికో వదినకో తనంతట తనే వీడియో కాల్ చేయడం నేర్పండి. పది రోజులు విసుగ్గానే ఉంటుంది, ఓపిక పట్టండి. పక్క ఫ్లాట్ వాళ్లతో వచ్చీరాని హిందీలో మాట్లాడనివ్వండి. ఈ విషయంలో మన హైదరాబాద్‌లోనే ఒక మంచి పరిశోధన జరిగింది. డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా (మతిమరుపు జబ్బు) రోగులను పరిశీలించి 2013లో ఫలితాలు ప్రచురించింది. ఒకే భాష వచ్చినవాళ్లతో పోలిస్తే, రెండు అంతకన్నా ఎక్కువ భాషలు మాట్లాడేవాళ్లలో జబ్బు సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైంది. చదువు రానివాళ్లలోనూ ఈ తేడా కనిపించింది. వాళ్లంతా ఏళ్ల తరబడి ఆ భాషలు మాట్లాడినవాళ్లు, 71లో నేర్చుకున్నా అంతే లాభం ఉంటుందని నేను అనను. కానీ కొత్త మాటలతో పాటు కొత్త మనుషులూ దొరుకుతారు, ఆమెకు ఇప్పుడు కావాల్సింది అదే.

మీ పిల్లలకు వామనగుంటలు నేర్పమని అమ్మను అడగండి. ఏ గుంటలోంచి గింజలు తీస్తే చివరి గింజ ఎక్కడ పడుతుందో ముందే లెక్కవేయాలి కదా, ఏ యాప్‌కీ తీసిపోదు. పైగా గెలిచినందుకు గొడవపడే మనవడు ఎదురుగా ఉంటాడు! మీ అపార్ట్‌మెంట్‌లో కోలాటం బృందం ఉంటే చేర్చండి. అడుగు, తాళం, ఎదుటివాళ్ల కర్ర.. మూడూ ఒకేసారి చూసుకోవాలి. మోకాళ్లు సహకరించకపోతే కూర్చుని తాళం వేస్తూ పాడే భజన అయినా మంచిదే. నడక మాత్రం తప్పనిసరి. అమెరికాలో 120 మంది పెద్దవాళ్లపై చేసిన అధ్యయనం ఫలితాలు 2011లో వచ్చాయి. వారానికి మూడు రోజులు, 40 నిమిషాల చొప్పున ఏడాది పాటు నడిచినవాళ్లలో జ్ఞాపకశక్తికి ముఖ్యమైన హిప్పోక్యాంపస్ అనే మెదడు భాగం 2 శాతం పెరిగింది.

ఇక చాలామంది పట్టించుకోని సంగతి ఒకటుంది. మీ అమ్మగారు టీవీ సౌండ్ ఎంత పెడుతున్నారు? అడిగిందే అడగడానికి కారణం మరుపు కాకుండా, మీ జవాబు సరిగా వినపడకపోవడం కూడా కావచ్చు. లాన్సెట్ అనే వైద్య పత్రిక వేసిన కమిషన్ 2024 నివేదికలో డిమెన్షియాకు దారితీసే, మనం సరిచేయగల 14 కారణాలు చెప్పారు. వాటిలో వినికిడి లోపం, చూపు తగ్గడం, షుగర్, బీపీ, డిప్రెషన్, ఒంటరితనం ఉన్నాయి. కాబట్టి ఈ వారమే ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించండి. కొందరికి గుబిలి తీస్తేనే తేడా తెలుస్తుంది, కొందరికి వినికిడి యంత్రం కావాలి. కంటి శుక్లాలు కూడా చూపించండి. ఆమె వాడే షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్ అయితే, ఏళ్ల తరబడి వాడినప్పుడు బీ12 విటమిన్ తగ్గే అవకాశం ఉంది. బీ12, థైరాయిడ్ రెండూ రక్తపరీక్షలో తేలిపోతాయి. నిద్రమాత్రలు, జలుబుకు వాడే కొన్ని మాత్రలు కూడా పెద్దవాళ్లలో మరుపు తెస్తాయి. భర్త పోయిన దిగులు లోలోపలే ఉండిపోయిందేమో, అదీ డాక్టర్‌తో చెప్పండి. దానికి చికిత్స ఉంది.

పేర్లు తడుముకోవడం ఈ వయసులో మామూలే. తెలిసిన దారి తప్పడం, రోజూ చేసే వంట మధ్యలో ఏం చేయాలో తెలియకపోవడం, డబ్బు లెక్క బొత్తిగా అందకపోవడం కనిపిస్తే న్యూరాలజిస్ట్‌ను (మెదడు, నరాల డాక్టర్‌ను) కలవాలి. రెండు మూడు రోజుల్లోనే మనిషి అయోమయంగా మారినా, పడి తలకు దెబ్బ తగిలాక మందకొడిగా అయినా, అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి.

డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు ఆమె మాత్రల పట్టీలన్నీ ఒక సంచిలో వేసుకెళ్లండి. అక్కడ అడిగే ప్రశ్నలకు, ఎంత ఆలస్యమైనా, ముందు ఆమెనే జవాబు చెప్పనివ్వండి.