మరమ్మతా, మరమ్మత్తా?

ప్రశ్న: మేం టెక్సస్‌లో ఉంటాం. ఇక్కడి లారీ డ్రైవర్లు దారిలో ఒకరితో ఒకరు మాట్లాడుకునే సీబీ రేడియోలకు అదనంగా బిగించే బోర్డులు, అంటే మాటను ప్రతిధ్వనింపజేసే ఎకో బోర్డులు, మాట ముగియగానే బీప్ మోగించే రోజర్ బీప్ బోర్డులు పాడైతే బాగుచేస్తాను. అడిగినవాళ్లకు వాటిలో మార్పులూ చేసిపెడతాను. ఈ పని గురించి తెలుగులో రాస్తూ రెండింటికీ 'మరమ్మత్తు' అన్నాను. నాన్నగారు 'మరమ్మతు' అని దిద్దారు. ఏది ఒప్పు? మోడిఫికేషన్‌కు కూడా ఈ మాట సరిపోతుందా?

జవాబు: నేను మీ నాన్నగారి పక్షం. అలాగని మిమ్మల్ని తప్పుపట్టే ధైర్యమూ పూర్తిగా లేదు, ఎందుకో చెబుతాను.

ఇది అరబీ మాట. పారసీ, ఉర్దూల మీదుగా మనకొచ్చింది. మూలం 'మరమ్మత్', అందులో జంటగా ఉన్నది మకారమే, తకారం ఒంటిదే. కంపెనీ హయాంలో మద్రాసు ప్రెసిడెన్సీలో చెరువులూ కాలవలూ చూసే శాఖ పేరే మరామత్ శాఖ. మలయాళంలో ఇప్పటికీ పబ్లిక్ వర్క్స్ శాఖను 'పొదుమరామత్తు' అంటారు. తమిళులూ 'మరామత్తు' అనే రాస్తారు, కానీ వాళ్ల ఇబ్బంది వేరు. అచ్చుల మధ్య ఒంటి త వస్తే తమిళంలో ద లాగా మెత్తబడుతుంది, గట్టిగా పలికించాలంటే జంట చేయక తప్పదు. మనకా అవస్థ లేదే! రయ్యత్ రైతు అయింది, షర్త్ షరతు అయింది, మామూలుగా రైత్తు, షరత్తు అనం. దుకాణాల బోర్డుల మీద 'మరమ్మత్తులు చేయబడును' అని చూసినప్పుడల్లా నాకు ఆ త్త ఒకటీ, ఆ 'బడును' ఒకటీ రెండూ గుచ్చుకుంటాయి. అయితే కసరత్ మన నోట్లో కసరత్తయి కూర్చుంది, కిమ్మత్తూ అంతే, వాటిని ఎవరూ దిద్దరు. కాబట్టి మరమ్మతు మేలు, మరమ్మత్తును నేరమనలేను.

అసలు రుచి ధాతువులో ఉంది. అరబీలో ర-మ-మ అనే ధాతువుకు బాగుచేయడం ఒక అర్థమైతే, ఎముకలు పుచ్చి శిథిలం కావడం ఇంకో అర్థం. 'రమీమ్' అంటే పుచ్చిపోయిన ఎముక. శిథిలమూ దాని బాగూ ఒకే ధాతువులో కాపురం చేస్తున్నాయి. మన గుళ్ల విషయంలో వాడే 'జీర్ణోద్ధరణ' చూడండి, అక్కడా జీర్ణమైంది ఉంటేనే ఉద్ధరణ. ఏదీ చెడకుండా మరమ్మతు ఉండదు.

దీన్ని మీ బల్ల మీదికి తెచ్చుకోండి. ఈ కాలపు ఎకో బోర్డుల్లో చాలావాటిలో పీటీ2399 అనే పదహారు కాళ్ల చిప్పు ఉంటుంది కదా. బండి ఇచ్చే 13.8 వోల్టులను 5కు దించే చోట కెపాసిటర్ ఎండిపోయి గుయ్యిమని హమ్ వస్తోంది. అది పీకి కొత్తది వేశారు, బోర్డు మునుపటిలా పలికింది. అది మరమ్మతు. ఆరో కాలి దగ్గర రెసిస్టరు విలువ పెంచారు, మాట ఇంకాస్త ఆలస్యంగా తిరిగొస్తోంది, వెంట కొంచెం రొదా పెరిగింది. అక్కడ చెడిందేమీ లేదు, అది మార్పు. ఎకో వద్దనుకున్నప్పుడు ఆపేయడానికి ఒక స్విచ్చు పెట్టారు, అది చేర్పు. 'మార్పుచేర్పులు' అనే బంగారంలాంటి మాట ఇంట్లో పెట్టుకుని మోడిఫికేషన్‌కు 'ఆధునికీకరణ' అనీ 'పరివర్తన' అనీ వెతుక్కునేవాళ్లను ఏమనాలి? రెసిస్టరు మారిస్తే ఆధునికమైపోతుందా? 'సవరణ' అనొచ్చు గానీ అది సర్దుబాటుకు ఉండే ట్రిమ్మర్‌ను ఓ పిసరు అటూ ఇటూ తిప్పడానికే బాగుంటుంది.

ఈ తేడా పండితుల గొడవ అని కొట్టిపారేయకండి. మీ దేశంలో రేడియో వాడకాన్ని నియంత్రించే ఎఫ్‌సీసీ వారి పాత సీబీ నిబంధనల్లో రేడియో లోపల మార్పులు చేయకూడదని రాసి, రిపేరు, సర్వీసింగు ఆ లెక్కలోకి రావని విడిగా చెప్పారు. సెట్టుతోపాటు ఆమోదం పొందిన ప్లగ్-ఇన్ మాడ్యూలు తీసి వేసినా మార్పు కాదన్నారు. ఏఎంలో 4 వాట్లే అనుమతి ఉన్న సెట్టును విప్పి పవరు పెంచి, బిల్లు మీద మరమ్మతు అని రాసిస్తే భాషా ఒప్పదు, చట్టమూ ఒప్పదు.

ఎకో బోర్డును మాత్రం ఎకో బోర్డు అనే రాయండి. 'ప్రతిధ్వని ఫలకం' అన్నారంటే ఆ లారీ డ్రైవర్లలో ఉన్న తెలుగువాళ్లు కూడా ఇంకో దుకాణం చూసుకుంటారు.