బీపీ ఉన్న నాన్నగారికి జలుబు మాత్ర వేయచ్చా? మా ఇంట్లో జరిగింది చెప్తాను

మీరు రెండు విషయాలు అడిగారు. 64 ఏళ్ళ మీ నాన్నగారు బీపీకి టెల్మిసార్టాన్ వాడుతున్నారు, వారం నుంచి ముక్కు బిగుసుకుపోయి రాత్రిళ్ళు నిద్ర లేదు, మెడికల్ షాపులో ఇచ్చిన జలుబు మాత్ర రోజుకి మూడు వేయచ్చా అన్నది ఒకటి. అదే మాత్ర సగం చేసి మూడేళ్ళ పాపకి ఇవ్వచ్చా అన్నది రెండోది.

ముందు పాప సంగతి. వద్దండి, సగం కాదు, పావు కూడా ఇవ్వద్దు. అది పెద్దవాళ్ళ డోసుతో చేసిన మాత్ర. పిల్లల జలుబు చుక్కల్లో వాడే క్లోర్‌ఫెనిరమిన్ (ముక్కు కారడం తగ్గించేది), ఫినైలెఫ్రిన్ (ముక్కు దిబ్బడకి వేసేది) కలయికే నాలుగేళ్ళలోపు పిల్లలకి వాడకూడదని సీసా మీద రాయాలని మన దేశ మందుల నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో కంపెనీలకి చెప్పింది. పాపని పిల్లల డాక్టరుకి చూపించండి. ఈలోపు ముక్కులో వేసే ఉప్పునీటి చుక్కలు చాలు.

ఇక మీ నాన్నగారి విషయం. నేను డాక్టర్ని కాదు. కానీ ఈ మాత్ర వల్ల మా నాన్న ఎంత బాధపడ్డాడో కళ్ళారా చూశాను, అందుకే ఇంత పొడుగ్గా రాస్తున్నాను.

మాది దుగ్గిరాల దగ్గర పల్లెటూరు, నాన్న పసుపు రైతు. అప్పుడు ఆయనకి 67. బీపీ ఉంది, మూత్రాశయం కింద ఉండే ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందని రాత్రిపూట టామ్సులోసిన్ వేసుకునేవాడు. ఆ ఏడు సంక్రాంతికి నేను వెళ్ళేసరికి గట్టిగా రొంప పట్టి ఉంది. భోగి మంట పొగకి ముక్కు పూర్తిగా మూసుకుపోయింది. ఎవర్నో పంపి జలుబు మాత్రలు తెప్పించుకుని పూటకొకటి చొప్పున మూడు రోజులు వేసుకున్నాడు. ఒళ్ళునొప్పులకి పారాసిటమాల్ 650 కూడా పూటకొకటి.

కనుమ రాత్రి రెండింటప్పుడు బాత్రూంలో కుళాయి శబ్దం ఆగకుండా వినిపిస్తుంటే లేచాను. నీళ్ళ చప్పుడుకైనా మూత్రం వస్తుందేమోనని కుళాయి తిప్పి నిలబడ్డాడట. అప్పటికి ఎనిమిది గంటలుగా చుక్క రాలేదు. పొత్తికడుపు మీద చెయ్యి వేస్తే కొబ్బరికాయలా గట్టిగా ఉంది. జనవరి చలిలో బనియన్ చెమటకి తడిసిపోయింది. కారులో తెనాలి తీసుకెళ్ళాం, ప్రతి గతుకుకీ నా చెయ్యి పట్టుకుని నలిపేశాడు. ఆసుపత్రిలో గొట్టం వేయగానే సంచిలోకి 900 ఎంఎల్ దిగింది. అప్పుడు గానీ ఆయన నోట మాట రాలేదు.

డ్యూటీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "జలుబుకేమైనా మాత్రలు వాడారా?" జేబులో ఉన్న షీటు ఇచ్చాను. వెనక్కి తిప్పి, ఆ వెండి రేకు మీది సన్నటి అక్షరాలు చదివి వినిపించారు: పారాసిటమాల్ 500, క్లోర్‌ఫెనిరమిన్ 2, ఫినైలెఫ్రిన్ 10, కెఫీన్ 30. మేము ఒక మాత్ర అనుకున్నది నాలుగు మందులు.

నాన్నకి అర్థమయ్యేలా ఆవిడ కాలువ లాకులతో పోల్చి చెప్పారు. మూత్రాశయం కింద ఉండే కండరాన్ని టామ్సులోసిన్ వదులు చేస్తుంది, అంటే లాకు తలుపు ఎత్తుతుంది. ఫినైలెఫ్రిన్ లాంటి మందులు దాన్ని బిగిస్తాయి, అంటే అదే తలుపుని దించుతాయి. క్లోర్‌ఫెనిరమినేమో మూత్రాశయం పిండుకునే బలాన్నే తగ్గిస్తుంది, వెనక నీళ్ళ తోపుడు లేనట్టు. నాన్న విషయంలో పెద్ద పాత్ర ఈ క్లోర్‌ఫెనిరమిన్‌దే అయ్యుంటుందని కూడా అన్నారు. పుట్టినప్పట్నుంచీ దుగ్గిరాల లాకులు చూసిన మనిషి, వెంటనే తలాడించాడు. నాలుగు రోజులు గొట్టంతోనే ఉన్నాడు.

ఇంకో లెక్క ఇంటికొచ్చాక నేనే వేశాను. జలుబు మాత్రల్లో 1500, విడిగా వేసుకున్న వాటిలో 1950, మొత్తం రోజుకి 3450 ఎంజీ పారాసిటమాల్. పెద్దవాళ్ళకి రోజుకి పైహద్దు 4000. ఒళ్ళు నొప్పులు తగ్గలేదని ఇంకో 650 మాత్ర వేసుకుని ఉంటే దాటిపోయేది. జలుబు మాత్ర వేస్తూ జ్వరం మాత్ర విడిగా వేసే ఇళ్ళు ఎన్నో. మీ ఇంట్లో కూడా చూసుకోండి.

బీపీకి, ఈ జలుబు మాత్రలకి సంబంధం ఏమిటంటే, ముక్కు దిబ్బడ మందులు పని చేసేదే రక్తనాళాల్ని బిగించి. ముక్కు లోపలి పొర వాపు దిగాలంటే అక్కడి నాళాలు కుంచించుకోవాలి. కానీ మింగిన మాత్ర ముక్కు దగ్గరే ఆగదు కదా, ఒంట్లో మిగతా చోట్లకీ వెళ్తుంది. బీపీ అదుపులో ఉన్నవాళ్ళలో పెరుగుదల మామూలుగా కొద్దిగానే ఉంటుంది. అదుపులో లేనివాళ్ళకి, గుండె జబ్బు, థైరాయిడ్ ఎక్కువ పని చేయడం, కంట్లో నీటి ఒత్తిడి ఉన్నవాళ్ళకి మాత్రం డాక్టరుని అడక్కుండా వేయకూడదు. ఒకప్పుడు మన జలుబు మాత్రల్లో ఫినైల్‌ప్రొపనోలమిన్ అని ఉండేది. మెదడులో రక్తస్రావం ప్రమాదం బయటపడి అమెరికాలో 2000లో తీయించారు, మన దగ్గర 2011లో నిషేధించారు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించింది వేరే ఉంది. నాన్న అంత అవస్థ పడి వేసుకున్న ఆ ఫినైలెఫ్రిన్, నోటి ద్వారా తీసుకుంటే ముక్కు దిబ్బడకి పనే చేయదని 2023 సెప్టెంబరులో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ నిపుణుల కమిటీ ఏకగ్రీవంగా తేల్చింది. చాలా భాగం పేగుల్లో, కాలేయంలోనే విరిగిపోతుందట. ప్రమాదకరమని కాదు, ప్రయోజనం లేదని చెప్పి 2024 నవంబరులో ఎఫ్‌డీఏ దాన్ని నోటి ద్వారా వేసుకునే జలుబు మందుల్లోంచి తీసేయాలని ప్రతిపాదించింది. రాని ప్రయోజనం కోసం పెద్దవాళ్ళకి రిస్కు ఎందుకండీ?

అమెరికాలో పిల్లల దగ్గరికి వెళ్ళే అమ్మానాన్నలకి ఒక మాట. అక్కడ అలర్జీ మాత్రల పేరు చివర "డి" ఉంటే సాధారణంగా అందులో సూడోఎఫెడ్రిన్ అనే ఇంకో ముక్కు దిబ్బడ మందు ఉన్నట్టు. అది నిజంగా పని చేస్తుంది, అందుకే బీపీ మీదా నిద్ర మీదా ప్రభావం కూడా నిజంగానే ఉంటుంది. బీపీ బాగా ఎక్కువగా ఉన్నవాళ్ళు, కిడ్నీ జబ్బు ముదిరినవాళ్ళు అసలు వాడకూడదని యూరప్ మందుల సంస్థ చెప్పింది. వేసుకున్నాక ఉన్నట్టుండి భరించలేని తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, మాట తికమక లాంటివి వస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళాలి.

ఇప్పుడు మా ఇంట్లో ముక్కు బిగుసుకుంటే మొదట ఉప్పునీటి స్ప్రే. ఇంట్లో కలుపుకునేటట్టయితే నీళ్ళు మరగకాచి చల్లార్చాలి. పడుకునేటప్పుడు రెండు దిండ్లు. ఆవిరి పడితే ఆయనకి హాయిగా ఉంటుంది, కానీ గిన్నె ఒళ్ళో పెట్టుకోనివ్వను, పాప ఉన్న ఇల్లు కాబట్టి మీరూ జాగ్రత్త. జైలోమెటజోలిన్ చుక్కలు వెంటనే ముక్కు తెరుస్తాయి గానీ అయిదు రోజులు దాటితే అవే దిబ్బడ తెస్తాయి, పైగా బీపీ ఉన్నవాళ్ళు వాటికీ డాక్టరుని అడగాలి. మీ నాన్నగారికి ఇప్పటికే వారం అయ్యింది కాబట్టి ఒకసారి చూపించడమే మంచిది. అలర్జీ అని తేలితే ముక్కులో కొట్టే స్టెరాయిడ్ స్ప్రే రాస్తారు.

వెళ్ళేటప్పుడు జలుబు షీటు, బీపీ మందుల షీటు రెండూ తీసుకెళ్ళండి. ఇంకొకటి, మూత్రం సరిగ్గా వస్తోందా, రాత్రి ఎన్నిసార్లు లేస్తున్నారు అని నాన్నగారిని ఈరోజే అడగండి. మా నాన్న రెండు రోజులుగా ధార సన్నబడిందని తెలిసి కూడా కూతురితో ఎలా చెప్పాలని ఊరుకున్నాడు. మీతో చెప్పడానికి మొహమాటపడితే మీ బాబాయితోనో తమ్ముడితోనో అడిగించండి.