వల్తెల్లీనా రెడ్ వైన్: ఏ ద్రాక్షతో చేస్తారు, శాకాహారి దానితో ఏం తినాలి?

వచ్చే నెల మిలాన్ వెళ్తున్నారని, ఆల్ప్స్ కొండల్లో పండే రెడ్ వైన్ ఒకటి రుచి చూడాలని ఉందని, శాకాహారి కాబట్టి దానితో ఏం తినాలో తెలియడం లేదని రాశారు. ఆరేళ్ళు మిలాన్‌లో ఉద్యోగం చేసినవాడిగా నేను చెప్పే పేరు వల్తెల్లీనా, ఉత్తర ఇటలీలో ఆల్ప్స్ కొండల మధ్య ఉన్న లోయ.

ముందు నా తెలివితక్కువతనం చెబుతాను. వెళ్ళిన కొత్తలో ఆఫీసువాళ్ళతో భోజనానికి కూర్చున్నప్పుడు, గ్లాసులో పోసిన రంగు చూసి నీళ్ళు కలిపారేమో అనుకున్నాను. గ్లాసు వెనక పెట్టిన వేలు కనిపించేంత పలుచని ఎరుపు. ఇంత తేలికైనదా అని, వంటకాలు రాకముందే పెద్ద గుక్క వేశాను. కరక్కాయ ముక్క నమిలినట్టు నాలుక పిడచగట్టుకుపోయింది. పక్కనున్న పెద్దాయన నవ్వాపుకుంటూ, ముందు తిను, తరువాత తాగు అన్నాడు.

ఆ ద్రాక్ష తీరే అంత. దాని పేరు నెబ్బియోలో. ఇటలీ వాయవ్యాన ఉన్న పియెమోంతే ప్రాంతంలో బరోలో అనే ఖరీదైన వైన్ చేసేదీ దీనితోనే. వల్తెల్లీనావాళ్ళు మాత్రం కియవెన్నాస్కా అంటారు. రంగు తక్కువ, వగరూ పులుపూ దండిగా ఉంటాయి. పైగా బద్ధకపు కాయ, అక్టోబరు వస్తే గానీ పండదు. మరి అంత చలి కొండల్లో ఎలా పండుతోందంటే, అద్దా నది ఇక్కడ తూర్పు నుంచి పడమరకు పారుతుంది. కాబట్టి ఉత్తరపు గట్టున ఉన్న వాలు దక్షిణానికి తిరిగి, రోజంతా ఎండ కాస్తుంది. ఆ నిటారు వాలును మెట్లు మెట్లుగా చెక్కి, సున్నం గానీ సిమెంటు గానీ లేకుండా రాయి మీద రాయి పేర్చి గోడలు కట్టారు. అన్నీ కలిపితే సుమారు 2,500 కిలోమీటర్లంటారు. పగలు పీల్చుకున్న వేడిని ఆ రాళ్ళు రాత్రి తీగలకు వదులుతాయి. యంత్రాలు ఎక్కలేవు, కోత అంతా చేతులతోనే. ఒక మడి పేరు ఇన్ఫెర్నో, అంటే నరకం. వేసవిలో అక్కడికి ఎక్కి చూశాను, పేరు పెట్టినవాళ్ళను తప్పు పట్టలేను.

సీసా మీద 'వల్తెల్లీనా సుపెరియోరే' అని ఉంటే కనీసం తొంభై శాతం ఈ ద్రాక్షే, కనీసం రెండేళ్ళు నిలవ ఉంచినదే. పక్కన సస్సెల్లా, గ్రుమెల్లో, ఇన్ఫెర్నో, వల్జెల్లా, మరోజ్జా అని మడుల పేర్లు కనిపిస్తాయి. నాకు సస్సెల్లా ఇష్టం. 'స్ఫోర్సాతో' అని ఇంకొకటుంది. కోసిన గెలలను డిసెంబరు దాకా ఆరబెట్టి, సగం ఎండుద్రాక్షలయ్యాక పిండుతారు. పద్నాలుగు శాతానికి తగ్గకుండా ఆల్కహాలు ఉంటుంది. ఖరీదెక్కువ కదా అని మొదటిసారే దాని జోలికి వెళ్ళకండి, భోజనాన్ని మింగేస్తుంది.

ఇక తిండి. మీ అదృష్టం కొద్దీ ఆ లోయ పేరు మోసిన వంటకంలో మాంసం లేదు. పిట్సొక్కెరి అంటారు, తెలియో అనే ఊరు దానికి పుట్టిల్లు. ఉత్తరాదివారు ఉపవాసాలకు వాడే కుట్టు (బక్‌వీట్) పిండి నాలుగు పాళ్ళు, గోధుమపిండి ఒక పాలు కలిపి వెడల్పాటి నూడుల్స్ కోస్తారు. బంగాళాదుంపలు, ముడతల క్యాబేజీతో కలిపి ఉడికించి, కసేరా చీజు పొరలు వేసి, పైన వెల్లుల్లితో కాచిన వెన్న ధారాళంగా పోస్తారు. చూపుకు మట్టిరంగు ముద్ద, ఫొటోకు పనికిరాదు. కానీ ఆ వెన్నా చీజూ నాలుకకు పట్టిన తరువాత ఒక గుక్క తాగితే, నన్ను హడలెత్తించిన వగరు ఎటు పోయిందో తెలియదు. ఎండిన గులాబీ వాసన, పుల్లచెర్రీ రుచి అప్పుడు గానీ బయటపడవు. వెన్న బరువును వైన్ పులుపు కోసేస్తుంది కాబట్టి రెండో పళ్ళెం కూడా లాగించేయగలరు, నేను లాగించాను.

ఒక హెచ్చరిక: కసేరా, బిత్తో లాంటి అక్కడి సంప్రదాయ చీజులకు పాలు విరవడానికి దూడ కడుపు నుంచి తీసిన రెన్నెట్ వాడతారు. మీకు అది పట్టింపైతే ముందే అడగండి. మొదట తెచ్చిపెట్టే బ్రెసావొలా, పల్చగా కోసిన ఎర్రటి ముక్కలు, ఎండబెట్టిన గొడ్డుమాంసం.

మిలాన్ చెంత్రాలే స్టేషనులో తిరానో రైలెక్కితే సుమారు రెండు గంటల్లో ఆ లోయలోని ముఖ్య పట్టణం సోంద్రియో వస్తుంది. ఎడమవైపు కిటికీ పట్టండి, ముందు కోమో సరస్సు, ఆ తరువాత తోటలు, రెండూ అటే కనిపిస్తాయి.

సీసా ఇంటికి తెచ్చుకుంటారేమో, మన వంటలతో నా అనుభవం కూడా వినండి. గోంగూర పచ్చడితో కలిపితే కారం రెట్టింపై చెవుల్లోంచి పొగలొచ్చాయి. మిరపకారం బాగా తగ్గించి, నువ్వులూ వేరుశనగపప్పూ ఎక్కువ వేసి వండిన గుత్తివంకాయ మాత్రం బాగా కుదిరింది, అన్నంలో నెయ్యి కాస్త ఎక్కువ వేసుకున్నాను.