అందరికీ రూట్ పాస్‌వర్డ్ ఇవ్వకండి

ప్రశ్న: మాది విజయనగరంలో ఒక కాలేజీ రీసెర్చ్ ల్యాబ్. కొత్త వర్క్‌స్టేషన్ వచ్చింది. 64 జీబీ ర్యామ్, ఎన్విడియా గ్రాఫిక్స్ కార్డు, 1 టీబీ ఎస్‌ఎస్‌డీ, 4 టీబీ హార్డ్‌డిస్క్. ఐదుగురం వాడుకోవాలి. ఒకబ్బాయి అణువుల కదలికల్ని లెక్కగట్టే గ్రోమాక్స్ నడుపుతాడు, ఇద్దరు ఉద్దానం బోరునీళ్ల శాంపిళ్ల లెక్కలు ఆర్ అనే స్టాటిస్టిక్స్ ప్రోగ్రామ్‌లో చేస్తారు, మిగతా ఇద్దరం పైథాన్. పాత మిషన్‌లో రూట్ పాస్‌వర్డ్, అంటే ఏదైనా మార్చే పూర్తి అధికారం ఇచ్చేది, అందరికీ తెలుసు. ఎవరో పైథాన్ మార్చేసరికి డెస్క్‌టాపే తెరుచుకోలేదు. ఈసారి సైంటిఫిక్ లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వేయమని మా గైడ్ అంటున్నారు. ఏం చేయమంటారు సార్?
— ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ గైడ్‌గారి మాట పదేళ్ల కిందటైతే సరైనదే అమ్మా. ఫెర్మీల్యాబ్, సెర్న్ అనే ఫిజిక్స్ ల్యాబ్‌ల వాళ్లు కలిసి 2004లో తెచ్చిన ఆ లినక్స్‌కి ఎనిమిదో వెర్షన్ రానేలేదు. ఏడో వెర్షన్‌కి 2024 జూన్ 30తో సపోర్ట్ అయిపోయింది. మీకు ఉబుంటు లినక్స్‌లో 24.04 ఎల్‌టీఎస్ (ఎక్కువకాలం సపోర్ట్ ఉండే వెర్షన్) చాలు, 2029 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. ఏ లినక్స్ గొప్పదని స్టాఫ్‌రూములో వాదించుకుంటూ కూర్చోవద్దు. మీ పాత మిషన్ కొంప ముంచింది ఆ పాస్‌వర్డే.

ఐదుగురికీ ఐదు మామూలు అకౌంట్లు ఇవ్వండి. సుడో, అంటే రూట్ అధికారంతో పని చేసే అనుమతి, ఒక్కరికే. ఆ ఒక్కరి పాస్‌వర్డ్ కవర్లో పెట్టి హెచ్‌ఓడీగారి బీరువాలో దాచండి. మొహమాటపడ్డారో, మళ్లీ మొదటికొస్తారు.

పైథాన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. ఉబుంటు తన సొంత పనులు చాలావాటికి లోపలున్న పైథాన్‌నే వాడుకుంటుంది. దాన్ని మార్చితే మీకు జరిగిందే జరుగుతుంది. ఇప్పటి ఉబుంటులో పిప్‌తో (పైథాన్ ప్యాకేజీలు ఎక్కించే ప్రోగ్రామ్) నేరుగా ఏదైనా ఎక్కించబోతే ‘ఎక్స్‌టర్నల్లీ మేనేజ్డ్’ అంటూ అదే అడ్డుపడుతుంది. నెట్‌లో చూసి ‘బ్రేక్ సిస్టమ్ ప్యాకేజెస్’ ఆప్షన్ తగిలించి దాటేసే మహానుభావులుంటారు, వాళ్లని ఓ కంట కనిపెట్టండి. ఎవరి హోమ్ ఫోల్డర్‌లో వాళ్లు మినీఫోర్జ్ అనే ప్యాకేజీ మేనేజర్ వేసుకుని, ఒక్కో ప్రాజెక్టుకి ఒక్కో ఎన్విరాన్‌మెంట్ (విడిగా ఉండే ప్యాకేజీల గూడు) చేసుకోవాలి. గ్రాఫిక్స్ కార్డుని వాడుకునే గ్రోమాక్స్ కూడా, మినీఫోర్జ్ ప్యాకేజీలు తెచ్చుకునే కోండా-ఫోర్జ్‌లోనే దొరుకుతుంది. పేపర్ పంపేరోజు ఆ ఎన్విరాన్‌మెంట్‌ని ఒక ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేసి డేటా పక్కనే పెట్టండి. రివ్యూయర్ ఆర్నెల్ల తర్వాత అడిగినా అవే వెర్షన్లు మళ్లీ తెచ్చుకోవచ్చు.

ఎస్‌ఎస్‌డీలో సిస్టమ్‌కి 100 జీబీ ఇచ్చి, మిగతాది హోమ్ ఫోల్డర్లకి వేరే పార్టిషన్‌గా (డిస్క్‌లో విడి భాగం) ఉంచండి. రేపు ఉబుంటు మళ్లీ వేసుకున్నా ఫైళ్ల జోలికి పోనక్కర్లేదు. పెద్ద డిస్క్ అందరి డేటాకి.

ఎన్విడియా కార్డు డ్రైవర్ ఎక్కించాక, సెక్యూర్ బూట్ (సంతకం లేని సాఫ్ట్‌వేర్‌ని ఆపే సెట్టింగ్) ఆన్‌లో ఉంటే రీబూట్‌లో ఒక్కోసారి నీలం స్క్రీన్ వచ్చి ‘ఎన్‌రోల్ ఎంఓకే’ (డ్రైవర్ సంతకం తాళంచెవిని నమోదు చేయాలా) అని అడుగుతుంది. కంగారుపడి ‘కంటిన్యూ’ నొక్కేస్తే డ్రైవర్ లోడ్ అవదు. ఎన్‌రోల్ ఎంచుకుని, ఇన్‌స్టాల్‌లో పెట్టిన పాస్‌వర్డ్ కొట్టాలి. ఇంకోటి. ఆటోమేటిక్ అప్‌డేట్ రాత్రికి రాత్రి డ్రైవర్ మార్చేస్తే, పొద్దున కార్డు పరిస్థితి చూపించే ఎన్విడియా-ఎస్‌ఎమ్‌ఐ కమాండ్ ‘వెర్షన్ మిస్‌మ్యాచ్’ అంటుంది. రీబూట్ చేస్తే పోతుంది గానీ, అప్పటికి ఎవరి రన్ నడుస్తోందో! ఎన్విడియా ప్యాకేజీల్ని తమంతట తాము మారకుండా హోల్డ్‌లో పెట్టి, అందరికీ ముందే చెప్పి ఒకరోజు అప్‌డేట్ చేయండి.

ఆర్‌లో ఒకరు పెద్ద టేబుల్ తెరిస్తే ర్యామ్ అంతా మింగేస్తుంది, అప్పుడు లినక్స్ గుండెకాయైన కెర్నల్ ఏదో ఒక ప్రాసెస్‌ని చంపేస్తుంది. ప్రోగ్రాముల్ని నడిపించే సిస్టమ్‌డీలో, ఒక్కో యూజర్ వాటా అయిన యూజర్ స్లైస్‌కి ‘మెమరీమ్యాక్స్’ పెడితే ఒక్కొక్కరికీ హద్దు ఉంటుంది. 24 జీబీతో మొదలెట్టి చూడండి.

కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా! యూపీఎస్‌కి యూఎస్‌బీ కేబుల్ కలిపి ‘నట్’ ప్రోగ్రామ్ వేస్తే, బ్యాటరీ అయిపోయేలోపు మిషన్ తనే షట్‌డౌన్ అవుతుంది. గ్రోమాక్స్ మామూలుగా 15 నిమిషాలకోసారి చెక్‌పాయింట్ (అప్పటిదాకా చేసిన లెక్క) రాస్తుంది కాబట్టి ఆ అబ్బాయి ఆగినచోటి నుంచి కొనసాగించుకోవచ్చు. బ్యాకప్ మాత్రం ఆ గదిలోనే ఉంచకండి. 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు ఉద్దానం వైపు ఎన్ని రోజులు కరెంటు లేదో మీ నీళ్ల శాంపిళ్ల వాళ్లనే అడగండి. వారానికోసారి ఆర్‌సింక్ అనే కాపీ ప్రోగ్రామ్‌తో బయటి డిస్క్‌కి ఎక్కించి, ఆ డిస్క్‌ని వేరే బిల్డింగ్‌లో పెట్టండి.